తినేవాళ్లు ఎంతమంది

"ఒక్కరు," అంది సల్మా ముసలమ్మ.

ఖర్జూరాల పళ్లెం పట్టుకుని హాల్లోకి వస్తున్న సుబ్బలక్ష్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

సర్వే అమ్మాయి ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని కూర్చుంది. మస్కట్‌లో ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎన్ని గదులు, ఎంత ఆదాయం, ఏం వండుకుంటారు అని ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నారు. ఇవాళ ఖురం పేటలో ఈ వీధి వంతు. గదులు ఆరు, తాళం వేసినవి మూడు, ఏసీలు నాలుగు అని అన్నీ సవ్యంగా చెప్పిన ముసలమ్మ, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అనేసింది.

"సరిగ్గా విన్నారా అమ్మా? వచ్చే నెల రోజులూ ఈ ఇంట్లో ఉండి, ఇక్కడే తినేవాళ్లు ఎంతమందని అడుగుతున్నాను."

"విన్నాను. ఒక్కరే."

వాళ్లు మాట్లాడుకునేది అరబ్బీలోనే అయినా, పదహారేళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న సుబ్బలక్ష్మమ్మకు ఒక్క ముక్క కూడా పొల్లుపోలేదు.

పొద్దున్నే పక్కింట్లో పనిచేసే షబానా గోడ మీదుగా గొప్పలు పోయింది. "మా మేడం నన్ను గూడా రాయించిందిక్కా. తొమ్మిదిమందిలో నేనూ ఒకదాన్ని." అది విన్నప్పటి నుంచి సుబ్బలక్ష్మమ్మ కాలు నేల మీద నిలవడం లేదు. కడపలో రేషన్ కార్డులోంచి ఆమె పేరు ఎప్పుడో తీసేశారు. దేశంలో లేని మనిషికి బియ్యం ఎందుకన్నారు. పోనీలే, ఇక్కడైనా ఒక ఇంటి మనిషినని ఎవరో ఒకరు రాసుకుంటారు గదా అనుకుంది. పెట్టెలోంచి తీసి మంచి చీర కూడా కట్టుకుంది.

తీరా చూస్తే కూరలో కరివేపాకు.

పళ్లెం బల్ల మీద టప్పున పెట్టింది. రెండు ఖర్జూరాలు దొర్లి కింద పడ్డాయి. ఆమెకు అరబ్బీ బాగానే వచ్చు గానీ, కోపం వస్తే మాత్రం నోట కడప మాటే వస్తుంది.

"ఒక్కరా మామా? ఆ ఒక్కరికేనా నేను పొద్దుగూకులూ వండతాండేది? నేనేం గాలి దిని బతుకుతాండానా? నీకు జొరమొచ్చినప్పుడు నీ మంచం పక్కన పండుకున్నెది మనిషి గాదా, దయ్యమా?"

మామా అంటే వాళ్ల భాషలో అమ్మ. పనిచేసే ఇంటి పెద్దావిడను ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు.

సర్వే అమ్మాయి బిత్తరపోయింది. "ఏమంటోంది?"

"నన్ను తిడుతోంది. తిట్టనీ," అంది ముసలమ్మ. ఆమె సుబ్బలక్ష్మమ్మ వైపు చూడనే లేదు. కింద పడ్డ ఖర్జూరాలనే చూస్తోంది.

"పనిమనిషి ఉంటే ఆమెను కూడా రాయాలమ్మా, అది రూలు. ఈ వీధిలో అసలే జనం తక్కువ. పద్నాలుగు ఇళ్లు తిరిగితే ఆరింటికి తాళాలే. ఇద్దరుంటే ఇద్దరని చెప్పండి."

"రూలు నాకూ అర్థమైంది. ఒక్కరనే రాసుకో."

సుబ్బలక్ష్మమ్మ విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం అన్నానికి ఎప్పట్లాగే రెండు కంచాలు కడిగి పెట్టి ఉన్నాయి. అందులో తన కంచం తీసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముసలమ్మ మీద కంటే, ఇది నా ఇల్లే అని భ్రమపడిన తన మీదే ఆమెకు ఎక్కువ కోపంగా ఉంది.

"నిన్న సోహార్ నించి కొడుకొచ్చి తలుపేసుకోని మాట్లాడి పోయినప్పట్నించీ ముద్ద దిగల్యా ఆయమ్మకి. బతిమాలి తినిపిచ్చినెది ఎవరు? గదికి రంగులెయ్యాలంటే ఆయమ్మ గుడ్డలన్నీ పెట్టెలో సర్దినెది ఎవరు? ఈ చేతులే గదా!" అని గోడతో చెప్పుకుంది. ఆ ఇంట్లో ఆమె తెలుగు వినేది ఎప్పుడూ ఆ గోడే.

హాల్లో సర్వే అమ్మాయి విసిగిపోయినట్టుంది. "సరే, ఒక్కరే. ఆ ఒక్కరి పేరు చెప్పండి."

ముసలమ్మ గొంతు, పసిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా వినిపించింది.

"సుబ్బ... లక్ష్... మమ్మ."

ఇన్నేళ్లలో ఆ నోట సుబ్బా అన్న పిలుపే గానీ నిండు పేరు ఎన్నడూ రాలేదు. సుబ్బలక్ష్మమ్మ కంచం పట్టుకునే గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అదేమిటి? మరి మీరు?" అని అడిగింది సర్వే అమ్మాయి.

"నన్ను ఎల్లుండి నా కొడుకు సోహార్ తీసుకెళ్లిపోతున్నాడు. ఇల్లు అమ్ముడుపోయేదాకా ఇక్కడ ఉండేది అదొక్కతే." ముసలమ్మ ఇంకా తల ఎత్తలేదు. "దాని మొహం చూసి చెప్పలేకే నీతో చెబుతున్నాను."