బానెట్ మీద బొమ్మలు

తెల్ల కారు బానెట్ మీద ఎవరో పిచ్చి గీతలు గీశారు.

చక్రధర్ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. ఒకటి బోర్లా పడ్డ కుర్చీలా ఉంది. ఒకటి గరిటెలా ఉంది. మిగతావి ఏమిటో పరీక్షగా చూడటం తన స్థాయికి తగదనుకుని చూపు తిప్పుకున్నాడు. కామారెడ్డిలో సొంత ఇల్లు, మెయిన్ రోడ్డు మీద టైల్స్ దుకాణం ఉన్న మనిషికి ఒక స్థాయి ఉంటుంది కదా.

"ఎల్లారెడ్డోళ్లు గింతే," అన్నాడు భార్య నిరోషతో. "మనిషి రోడ్డు మీద పడి కొట్టుకుంటుంటే ఏ బండి గుద్దిందో ఒక్కడు చూడలే. కారు మీద గీతలు గీసెతందుకు మాత్రం తీరిక దొరికింది."

గురువారం వాళ్లు ఎల్లారెడ్డికి చుట్టాల దావత్‌కు వెళ్లారు. కారు రోడ్డు అవతల ఆపారు. అందులో మర్చిపోయిన సంచి తెస్తానని నిరోష తమ్ముడు సంతోష్ రోడ్డు దాటబోయాడు. ఏదో వ్యాను గుద్ది ఆగకుండా పోయింది. అందరూ అంబులెన్సు వెంట కామారెడ్డికి పరుగెత్తారు. కారు మర్నాటి రాత్రిదాకా అక్కడే ఉండిపోయింది; తెచ్చాక కూడా ఆస్పత్రి తిరుగుడులో ఎవరూ దాని వంక చూడలేదు. సంతోష్ ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు. వాడికి ఇరవై మూడేళ్లు.

"ఇయ్యాల ఐతారం, దుకాణం లేదు. జర ఎల్లారెడ్డి పోయి ఆడ కూసునేటోళ్లను అడుగు," అంది నిరోష. "ఎవరో ఒకరు చూసే ఉంటరు. నా తమ్ముని కాలు తీసినోడు దొరకాలె. నాకింకేం వద్దు."

"ఎవల్ని అడగాలె? ఆ బీడీలు చేసే ముసలిదాన్నా?"

ఆ ముసలామెతో కారు ఆపినప్పుడే మాటామాటా అయింది. ఆమె రోడ్డు పక్క రేకుల కింద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. "బండి జర అవతల పెట్టు బిడ్డా, ఎలుతురు ఆపుతది" అంది. "నీ బీడీలకు ఫోకస్ లైట్లు పెట్టియ్యాల్నా?" అన్నాడు చక్రధర్. దావత్‌కు వచ్చినవాళ్లు నవ్వారు. తన మాట అతనికే ఎంత నచ్చిందంటే, భోజనాల దగ్గర ఇంకోసారి చెప్పుకున్నాడు.

ఇప్పుడు వైపర్ కింద బీడీలు చుట్టే తునికాకు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. గీతలు చూస్తే ఆకు కోసే కత్తెర మొనతో గీసినట్టు లోతుగా, ఓపికగా ఉన్నాయి. దొంగ దొరికినట్టే. పోలీసులకు చెప్పొచ్చు. కానీ అలాంటి మనిషి మీద కేసు పెట్టడం ఆమెకు మర్యాద చేసినట్టవుతుందని ఊరుకున్నాడు.

"పోనీ, ఒక ఫోటో అన్న తీసి పెట్టు," అంది నిరోష.

"ఎందుకు? ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తవా?"

కారును షెడ్డుకు పంపలేదు. షెడ్డువాళ్లంతా దొంగలని అతని అభిప్రాయం. రెండు వీడియోలు చూశాడు, పనివాడైపోయాడు. వాటర్ పేపర్ అనే గరుకు కాగితం తడిపి రుద్దడం మొదలుపెట్టాడు. ముందు కుర్చీ పోయింది. తర్వాత గరిటె పోయింది.

పక్కింటి ఫరీద్ గోడ మీదుగా తొంగిచూశాడు. "అన్నా, జర నిమ్మళంగ రుద్దు. చుట్టూత రంగు లేస్తది." ఫరీద్ పదకొండేళ్లు దుబాయిలో కార్లకు రంగులేసి వచ్చినవాడు.

"నీ పని నువ్వు చూస్కో," అన్నాడు చక్రధర్, రెండు వీడియోల ధైర్యంతో.

లోతుగా ఉన్నచోట లప్పం పెట్టి పూడ్చాడు. ఆరాక మళ్లీ రుద్దాడు. ప్రైమర్ కొట్టి, రంగు కొట్టి, పైన మెరుపు పూత కూడా కొట్టాడు. సాయంత్రానికి బానెట్ నిజంగానే తళతళలాడింది. ఒప్పుకోక తప్పదు, పని బాగానే చేశాడు. చక్రధర్ దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. ఆస్పత్రిలో ఉన్న బావమరిది కాసేపు గుర్తుకు కూడా రాలేదు.

అప్పుడే గేటు చప్పుడైంది. ఆ బీడీల ముసలామే.

"నేను దుర్గవ్వను బిడ్డా, ఎల్లారెడ్డి. బస్సుల వచ్చిన. ఆస్పత్రిల అడిగితే ఇల్లు చెప్పిండ్రు," అంది. "పిలగాడు ఎట్లున్నడు? గుద్దినోడు దొరికిండా?"

చక్రధర్ గేటు తీయలేదు. కాళ్ల మీద పడటానికి వచ్చిందని అర్థమైంది. పడేముందు కాసేపు నిలబెడదామనుకున్నాడు.

"వాని సంగతి తర్వాత. నా కారు మీద గీసింది నువ్వేనా?"

"నేనే బిడ్డా."

తప్పు చేసిన మొహం కాదది. అతని ఒళ్లు మండింది. ఆమె సిగ్గులేనితనం గురించి ఏదో అనబోతుంటే, నిరోష లోపలినుంచి వచ్చి గేటు తీసింది.

దుర్గవ్వ నేరుగా కారు దగ్గరికి వెళ్లింది. బానెట్ మీద చెయ్యి పెట్టి తడిమింది. వంగి చూసింది. అవతలి పక్కకు వెళ్లి మళ్లీ తడిమింది.

"ఎంత ఎతికినా దొరకది," అన్నాడు చక్రధర్. "నా చేత్తోని తీసేసిన. ఒక్క గీత మిగల్లే."

దుర్గవ్వ అతని మొహంలోకి చూసింది. తర్వాత నిరోష వైపు తిరిగింది.

"నాకు చదువు రాదు బిడ్డా, కాయిదమైతే యాడ్నో పోతది, మీ బండైతే మీ కాడికే వస్తదని కత్తెరతోని ఎట్ల అగుపడ్డదో గట్లనే గీసి పెట్టిన, పిలగాన్ని గుద్దిన బండి నెంబరు."