డబ్బా అడుగున

పాలపొడి డబ్బా మూత మీద ఎర్రపువ్వు ఇంకా ఆరలేదు. నిన్నటి నుంచి ఫ్యాను కిందే పెట్టాను.

ఎవరైనా ముట్టుకుంటే ఊరుకునేది లేదని ఇంటిల్లిపాదికీ ముందే చెప్పాను. ఉన్నది ముగ్గురమే అనుకోండి.

ప్లాస్టిక్ కవరును గోరింటాకు కోన్‌లా చుట్టి, అందులో జిగురు పోసి, డబ్బా మీద సన్నగా తీగలు గీశాను. ఎండాక వాటికి బంగారు రంగు. తీగల నడుమ ఖాళీల్లో గోళ్లరంగు.

కోడలు బ్యూటీ పార్లర్లో పనిచేస్తుంది. అక్కడ పారేసే అడుగంటిన సీసాలు నా కోసం ఏరి తెస్తుంది.

రంగును చుక్కలా వదలాలి. కుంచెతో రాస్తే ఆ మెరుపు రాదు.

"ఇది డబ్బా అని ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మరత్తయ్యా," అంది.

మా అబ్బాయికి మాత్రం ఇదంతా పిచ్చి. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, నా డబ్బాలన్నీ మంచం కిందికి తోసేస్తాడు.

అలాంటివాడు ఇవాళ మధ్యాహ్నం, పువ్వు ఆరాక, ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"సాయంత్రం మా మేనేజరు గారింటికి భోజనానికి వెళ్తున్నాంగా. ఇది ఇద్దామా అమ్మా?"

నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను.

"రాగి మీద ఎనామిల్ పని, చాలా ఖరీదైంది అని చెప్తా. ఫ్రెండు విదేశాల నుంచి తెచ్చాడంటాను. నువ్వు మాత్రం నోరు విప్పకు."

డబ్బా తిరగేశాడు. అడుగున గోళ్లరంగుతో రాసిన నా పేరు.

ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అమ్మ, అత్తయ్య, ఆంటీ. అంతే. అందుకే రాసుకున్నాను.

"ఇదెందుకు మధ్యలో? ఎవరైనా చూస్తే బాగుండదు," అంటూ గోళ్లరంగు తుడిచే రిమూవర్లో దూది ముంచి తుడిచేశాడు. అంచున ఉన్న నీలం కూడా కాస్త కారింది.

ఒళ్లు మండిపోయింది. అయినా చీర మార్చుకుని బయల్దేరాను.

మేనేజరు గారి భార్య డబ్బాను దీపం దగ్గరికి పట్టుకెళ్లి చూసింది.

"అబ్బ! అసలు బరువే లేదే!"

"అదే దాని గొప్పతనమండీ," అన్నాడు మావాడు.

ఆవిడ డబ్బా తిరగేసి భర్తకు చూపించింది. "అడుగు ఎలా అరిగిపోయిందో చూడండి. రంగు కూడా చెదిరింది. ఎన్ని చేతులు మారి వచ్చిందో పాపం!"

"తాతల కాలం నాటిదండీ," అన్నాడు మావాడు, ఏమాత్రం తడుముకోకుండా.

కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. ఆపడానికేమో అనుకున్నాను. కాదు, ముందుకు తోసింది.

"అరగలేదమ్మా," అన్నాను. "మధ్యాహ్నం మావాడే తుడిచాడు. అక్కడ నా పేరుండేది."

"అమ్మా!" పళ్లు కొరికాడు మావాడు.

"ఏరా, అబద్ధమా?" అని ఆవిడ వైపు తిరిగాను. "అది పాలపొడి డబ్బా తల్లీ. చేసింది నేను."

మేనేజరు గారు మావాడి వైపు చూశారు. మావాడు నేలను చూశాడు.

ఆవిడ డబ్బాను కింద పెట్టలేదు. మూత మీది పువ్వును వేలితో మెల్లగా తడిమింది.

"మీ పేరేంటండీ?"

చెప్పాను. పుట్టింటి ఇంటిపేరుతో సహా.