ఆరంగుళాల ఎత్తు

"ఆరంగుళాలు ఎందుకమ్మా? రెండు చాలు."

మార్వా తల తిప్పి చూసింది. ఆ మాట అన్నది మెకానిక్ షాపు యజమాని డెల్బర్ట్ కాదు. హీటర్ పక్కన బల్ల మీద కూర్చుని, కాగితం కప్పులో కాఫీ ఊదుకుంటున్న ముసలాయన. ఎవరో ఆమెకు తెలియదు.

అడగని సలహాలంటే మార్వాకు ఒళ్ళు మంట. భర్త పోయిన ఈ మూడేళ్ళలో, పికప్ ఎలా చూసుకోవాలో ఆమెకు చెప్పని మగాడు మొంటానా రాష్ట్రం మొత్తంలో ఒక్కడూ మిగల్లేదు.

"నువ్వు రాసుకో డెల్బర్ట్. పికప్‌ని ఆరంగుళాలు పైకి లేపే లిఫ్ట్, ముప్ఫై అయిదు అంగుళాల టైర్లు. ఎంత వెడల్పువి దొరికితే అంత వెడల్పువి."

"బండి అంత లేపితే ఎక్కడానికి నిచ్చెన కావాలి మార్వా గారూ."

"నా వైపు మెట్టు బిగించు. రెండో వైపు అక్కర్లేదు. అక్కడ ఎక్కేవాళ్ళెవరూ లేరు."

మార్వా నవ్వుతూనే అంది. డెల్బర్ట్ మాత్రం నవ్వలేక తల వంచుకుని రాసుకున్నాడు.

ముసలాయన ఊరుకోలేదు.

"మంచులో వెడల్పు టైరు పైపైన తేలుతుందమ్మా. సన్నదైతే కోసుకుంటూ దిగి నేలను పట్టుకుంటుంది. ముప్ఫై మూడంగుళాల సన్నటివి వేయించండి, రెండంగుళాలు లేపించండి. రేపెప్పుడైనా ముందు మంచు తోసే బ్లేడు తగిలించుకోవాలన్నా కుదురుతుంది. ఆరు లేపితే బ్లేడు నేలకందదు."

"నాకు బ్లేడెందుకు? మా రోడ్డు మీది మంచు కౌంటీ ప్రభుత్వంవాళ్ళు తోస్తారు."

ఆయన కప్పులోకి చూసుకున్నాడు. "వాళ్ళు తోస్తారా?"

"మరి దేవదూతలొచ్చి తోస్తారా? మా ఆయన ఉన్నన్నాళ్ళూ ట్రాక్టర్‌తో తనే తోసేవాడు. ఆయన పోయాక జాలిపడ్డారు కాబోలు, కౌంటీవాళ్ళే వస్తున్నారు. నేను లేచేసరికి బ్రిడ్జి దాకా మూడు మైళ్ళూ శుభ్రం. ఏటా క్రిస్మస్‌కి ఓ డబ్బా నిండా కుకీలు చేసి వాళ్ళ ఆఫీసులో ఇచ్చొస్తాను."

"కుకీలా?" అన్నాడాయన మెల్లగా. "ఏం కుకీలు?"

"అల్లంవి. ఏం లాభం? మొదటి ఏడాదే నా గేటు స్తంభాన్ని గీరేసి, ఒక్క మాటైనా చెప్పకుండా పోయారు. మా ఆయన తన చేత్తో ఆకుపచ్చ రంగేసిన స్తంభం అది. మొన్న మార్చిలో అయితే అసలు రానేలేదు. రెండు రోజులు కరెంటు లేదు, దారి లేదు. ఇంకోసారి అలా అయితే ఇల్లు అమ్మేసి తనుండే బిల్లింగ్స్ సిటీకి వచ్చెయ్యమంది మా అక్క. నేను వెళ్ళను. ఆ ఇల్లు తప్ప నాకింకేం మిగిలింది? అందుకే ఆరు!"

ముసలాయన ముఖం కందిపోయింది.

"మార్చిలో... తోసేవాడికి ఒంట్లో బాగాలేదేమో."

"బాగాలేకపోతే కబురైనా చెయ్యాలిగా! లోపల మనిషి బతికుందో లేదో చూడాలిగా!"

"నిజమేనమ్మా. చూడాల్సింది."

ఆయన టోపీ పెట్టుకుని లేచాడు. తలుపు దగ్గర ఆగి, "రెండంగుళాల సంగతి కాస్త ఆలోచించండి," అని వెళ్ళిపోయాడు.

"ఈయనకి వేరే పనేం లేదా?"

"పాపం, ఒక్కడే ఉంటాడు," అన్నాడు డెల్బర్ట్.

"నేనూ ఒక్కదాన్నే. ఊళ్ళోవాళ్ళ బండ్ల జోలికి పోతున్నానా?"

నవంబర్‌లో మొదటి పెద్ద మంచు పడింది.

ఏటా ఇలాంటి తెల్లవారుజామున, సగం నిద్రలో, ఇనుము రోడ్డును గీరుతున్న చప్పుడు మార్వాకు వినిపించేది. ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ చప్పుడంటే ఆమెకు ప్రాణం. తన కోసం లోకంలో ఒక్కరైనా మేలుకున్నారనిపించి, అటు తిరిగి హాయిగా పడుకునేది.

ఈసారి ఆ చప్పుడు లేదు. తెల్లవారాక చూస్తే గేటు దాకా మోకాలి లోతు మంచు.

మెట్టెక్కి పికప్ తీసింది. వెడల్పు టైర్లు రెండు చోట్ల జారాయి. అయినా మూడు మైళ్ళూ దాటింది. 'ఆరే కరెక్ట్,' అనుకుంది గర్వంగా. పక్క సీటు వైపు తిరిగి ఆ మాట పైకి అనబోయి ఆగిపోయింది.

బ్రిడ్జి దగ్గర కౌంటీ మంచు బండి వెనక్కి తిరుగుతోంది. మార్వా అద్దం దించింది.

"ఏం బాబూ, మా వైపు రావడం మానేశారా?"

"మీ వైపు మేమెప్పుడొచ్చామమ్మా? ఈ బ్రిడ్జి దాటి మేం పోం. అవతలిది ప్రైవేటు రోడ్డు." డ్రైవర్ ఆమెను తేరిపార చూశాడు. "మీరు కుకీలావిడ కదూ! ఎందుకిస్తారో మాకెప్పుడూ అర్థం కాలేదు గానీ, భలే ఉంటాయండీ."

మార్వా అద్దం ఎక్కించింది. పికప్‌ను నేరుగా డెల్బర్ట్ షాపుకి పోనిచ్చింది. ఊళ్ళో బండ్ల సంగతులన్నీ తెలిసినవాడు అతనొక్కడే.

ఆమె అడిగేలోపే డెల్బర్ట్ ఎదురొచ్చాడు.

"మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా మార్వా గారూ. పోయిన వారం ఆర్విడ్ గారు చనిపోయారు. గుండెపోటు. మార్చిలో మొదటిసారి గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. ఇది రెండోది."

"ఏ ఆర్విడ్?"

"ఆ రోజు రెండంగుళాలు చాలన్నాడే, ఆయన. తన మంచు బ్లేడు మీకిమ్మని చీటీ రాసిపెట్టి పోయాడు. పెరట్లో ఉంది. ఏం చేస్తారో మరి, మీ బండి ఎత్తుకి అది నేలకందదు."

మార్వా పెరట్లోకి నడిచింది. గోడకు చేరేసిన పాత బ్లేడు మీది మంచును చేత్తో తుడిచింది.

కుడి మూలన, ఇనుము నొక్కుకుపోయిన చోట, ఆమె గేటు స్తంభం ఆకుపచ్చ రంగు ఇంకా అంటుకునే ఉంది.