నాలుగో స్ట్రైకర్

"అబ్బా, ఆ తెల్లది నాకియ్యకుంటె నేను పోటీకే పోను," అంది సమీనా, చిన్న సంచి జిప్పు తెరిచి పట్టుకుని.

తండ్రి యూసుఫ్ వినిపించుకోలేదు. చాప మీద నాలుగు క్యారమ్ స్ట్రైకర్లు పరిచి, సంబంధం కుదర్చడానికి వచ్చిన పెద్దమనిషిలా ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూస్తున్నాడు. కొత్తకోట హైవే మీద పొద్దంతా లారీల రేడియేటర్లు అతికే చేతులవి. స్ట్రైకర్ పట్టినప్పుడు మాత్రం అవి వేరే ఎవరివో అనిపిస్తాయి.

వనపర్తిలో ఆ రోజే ఉమ్మడి జిల్లా పోటీ. గంటలో బస్సు. గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు దొరుకుతుందని అందరూ సమీనాను ఊరిస్తున్నారు. ఆ పిల్లకు జట్టు సంగతి తర్వాత, అబ్బా నోట ఒక్క "శభాష్" కావాలి. మూడేళ్లుగా ఆడుతోంది, ఇంతవరకూ దక్కలేదు.

"నల్లది పెట్టుకో," అన్నాడు యూసుఫ్. "రాత్రంత వాన కొట్టింది. బోర్డు మెత్తబడి ఉంటది, పౌడరు జారనియ్యదు. బరువున్నదే పోతది."

"పదిహేను గ్రాములు దాటితే పక్కకు పెట్టిస్తరు."

"కంసాలి మద్దిలేటి కాడ తూయించిన. పద్నాలుగున్నర." నల్లది సంచిలో పడింది. "నీలిది మొదటి దెబ్బకు. పసుపుది కాయిన్ అంచుకు సన్నగ కొట్టనీకి. అయిపోయింది, పో."

"మరి తెల్లది?"

"దాన్ని ముట్టకు."

వంటింట్లోంచి తల్లి షాహెదా తొంగిచూసింది. "జర ఇయ్యరాదుండ్రి. పిల్ల పొయ్యేటప్పుడు ఏడిపిస్తరా?"

"నీకు తెల్వదు, నువ్వూకో."

సమీనాకు ఒళ్లు మండిపోయింది. "నేనెప్పుడాడినా నీకు నచ్చదు. వేలు గిట్ల పెట్టినవేంది, గట్ల కూసున్నవేందని నసుగుడే. మంచిదంత దాసిపెట్టుకుంటవ్. ఎవరికోసం దాస్తున్నవ్?"

షాహెదా గబుక్కున తల లోపలికి తీసుకుంది.

ఎవరికోసమో ముగ్గురికీ తెలుసు. యూసుఫ్ ఈ ఆట మొదట నేర్పింది పెద్దకూతురు జబీన్‌కు. ఆమె తనకు నచ్చినవాణ్ణి నిఖా చేసుకుని, సరిహద్దు అవతలి రాయచూరు వెళ్లిపోయింది. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తొద్దని యూసుఫ్ అరిచి చెప్పి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఎవరూ ఎత్తలేదు. అందరికన్నా గట్టిగా ఆ మాట పట్టుకున్నది సమీనాయే; అక్కను తలుచుకుని 'ఆపా' అనడం కూడా మానేసింది.

"రెండో ఆట ఎవరితోని?" అన్నాడు యూసుఫ్, చాప వైపే చూస్తూ.

"తెల్వదు."

"అబద్ధమాడకు బేటా. శుక్రవారం క్లబ్బు తలుపుకు కాగితం అతికిచ్చిండ్రు. నేను గూడ సూసిన. మొదటిది గెలిస్తే నీ ఎదురుంగ కూసునేది గద్వాల తరఫున ఆడేటామె." తెల్లదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "జబీన్."

వంటింట్లో గిన్నె ఏదో కిందపడింది. నాలుగేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు వినిపించడం అదే మొదటిసారి.

యూసుఫ్ తెల్ల స్ట్రైకర్‌ను లుంగీ కొసతో తుడిచాడు. అంచంతా తుడిచాడు, మళ్లీ తుడిచాడు. తర్వాత దాన్ని చేతిరుమాలులో మూటకట్టాడు.

"ఇది ఆమెది. పొయ్యేనాడు తీసుకపోలే. నేనే తీసుకపోనియ్యలే. దీనికే అలవాటు పడ్డ చెయ్యి ఆమెది, వేరే స్ట్రైకర్ వేలికి కుదరదు. నాలుగేండ్ల సంది దేనితోని ఆడుతున్నదో ఏమో!"

ఆ మనిషి కళ్లనిండా నీళ్లు. సమీనా ఎప్పుడూ చూడని నీళ్లవి.

"ఆట మొదలు కాకముందే చేతిల పెట్టు. అబ్బా ఇచ్చిండని చెప్పు. వద్దు, ఏం చెప్పకు, సూస్తే ఆమెకే ఎరుకైతది. అరే, జర చెప్పు బేటా. ఈద్‌కు ఇంటికి రమ్మన్నడని చెప్పు. అల్లున్ని గూడ తీస్కరమ్మను."

"అబ్బా..."

"పరేషాన్ గాకు. దీంతోని ఆమె నిన్ను ఓడిస్తదని నీ భయం గదా? ఓడియ్యనీ. ఎవరు గెలిచినా నా బిడ్డే. నువ్వు గెలిస్తే బస్టాండుల నలుగురి ముందల నిలబడి శభాష్ అంట, సరేనా? సాయంత్రం అక్కడ్నే ఉంట. ఆమె ఏమన్నదో మొట్టమొదలు నాకే చెప్పాలె."

మూటను కూతురి అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూశాడు. షాహెదా కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో నిలబడింది. నాలుగేళ్లుగా ఈ మాట కోసమే ఆమె బతికింది. బస్సుకు టైమైందని కూతురికి చేత్తో సైగ చేసింది.

సమీనా కదల్లేదు. ఎంత చెప్పినా కదల్లేదు. చివరికి చాప మీదే కూలబడి, మూటను గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏందే, ఏమైంది?" అన్నాడు యూసుఫ్ కంగారుగా.

"ఆపా రాదబ్బా. రాయచూరుకు పోయినామె గద్వాల తరఫున ఎట్లాడ్తదని క్యారమ్ సంఘమోళ్లకు చిట్టీ రాసి, మొన్ననే పేరు కొట్టేయించింది నేనే... నువ్వు ఖుషీ అయితవనుకున్న."