నాలుగున్నర విమానం

నాలుగున్నర అవుతుందనగా వీధి మొత్తం దేవానందం డాబా ఎక్కేస్తోంది.

అల్వాల్‌లో ఆ గల్లీకి వారం రోజులుగా ఇదే పండగ. ఉత్తరం వైపు నుంచి తెల్లటి చిన్న విమానం ఒకటి వస్తుంది. సరిగ్గా ఇళ్ల మీదికి రాగానే ఎడమ రెక్కను రెండుసార్లు వంచి లేపుతుంది. అంతే, డాబా మీద ఈలలు, కేకలు. అరవై రెండేళ్ల దేవానందం ఎర్ర తువ్వాలు ఊపుతూ గంతులేస్తాడు.

"నా బిడ్డ! చూసిన్రా, నా ప్రిసిల్లా!"

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు పనిచేసిన మనిషి. కూతుర్ని పైలట్ శిక్షణలో చేర్పించిన రోజు గల్లీ అంతా నవ్వింది. రైలు డబ్బాలు బాగుచేసేటోని బిడ్డకు విమానాలేందీ అన్నారు. అన్నవాళ్లే ఇప్పుడు ఆయన పెట్టిన కేకు తింటూ, మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూస్తున్నారు. ప్రిసిల్లాకు లైసెన్సు రాకపోతే ఆయన ఈ వీధిలో తలెత్తుకోలేడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వీధికీ తెలుసు.

మొదటి రోజు రెక్క వంగగానే ఆయనే పోల్చుకున్నాడు. సాయంత్రం కూతురు ఇంట్లో అడుగుపెట్టీ పెట్టకముందే పట్టుకున్నాడు.

"ఇందాక మనింటి మీద పోయింది నువ్వే కదా బిడ్డా?"

ప్రిసిల్లా బూట్ల లేసులు విప్పుతూ తండ్రి ముఖంలోకి చూసింది. "ఆ... నేనే నాన్నా."

"పైనుంచి ఎట్ల కనపడ్తది? జెర చెప్పు."

"డిసెంబర్‌ల గాలి మస్తు నెమ్మదిగ ఉంటది నాన్నా. విమానం ఊగదు, కుదపదు. కింద ఒక్కో డాబా మీద ఒక్కో క్రిస్మస్ స్టార్. చర్చిలకు సున్నాలేస్తున్నరు. దిగబుద్ధి కాదు."

నవంబర్‌లో లైసెన్సుకు తప్పనిసరైన డాక్టర్ల పరీక్షకు వెళ్లొచ్చినప్పటి నుంచి ఆ పిల్ల విమానాల ముచ్చటే మానేసింది. అలసట అనుకున్నాడు ఆయన. ఇన్నాళ్లకు నోరు విప్పిందని పొంగిపోయాడు.

ఆయన సంతోషంలో నలక ఒక్కటే, పక్కింటి జైతున్ బీ.

ఆమె బట్టలు కుడుతుంది. కొడుకు ముజీబ్ హాస్టల్లో ఉంటాడు. ఏం చేస్తున్నాడని అడిగితే, "చదువుతుండు" అని ఊరుకుంటుంది. ఇంటి సంగతులు వీధిలో వేసుకునే మనిషి కాదు. మొదటి రోజు ఆమె కూడా చప్పుడు విని తన డాబా మీదికి వచ్చింది. చెయ్యి పైకెత్తి చూస్తూ, దేవానందం కేకకు ఇటు తిరిగింది.

"మీ బిడ్డనా అన్నా? పక్కానా?"

"ఇంకెవలు? ఈ గల్లీల విమానం నడిపేటోళ్లు ఇంకెవరున్నరు చెల్లె?"

ఆమె ఎత్తిన చెయ్యి దించేసింది. మర్నాటి నుంచి విమానం చప్పుడు వినబడితే చాలు, డాబా దిగి తలుపేసుకుంటోంది.

"కొందరికి కండ్లు మండుతయి అన్నా," అంది ఎదురింటి కల్పలత. ఆ మాట దేవానందానికి బాగా నాటుకుంది.

క్రిస్మస్ డ్రెస్సు కొలతలకు వెళ్లిన ప్రిసిల్లా, జైతున్ బీ ముందు తలదించుకుంది.

"ఆంటీ, మా నాన్న..."

"తెల్సు బేటా. చెయ్యెత్తు, కొలత తీసుకోవాలె."

"మస్తు సంతోషంగ ఉన్నడు ఆంటీ."

"ఉండనీ. పండుగ పూట ఏడ్వొద్దు."

ఇరవై నాలుగో తారీఖు వచ్చింది. డాబా మీద కాలుపెట్టే చోటు లేదు. పక్క డాబా మీద జైతున్ బీ ఆరిన బట్టలు తీస్తోంది. దేవానందం పిట్టగోడ దగ్గరికి వెళ్లాడు.

"చెల్లె, ఇయ్యాల ఆఖరట. రేపటి సంది సెలవులు. ఒక్కపారన్న నిలబడి చూడరాదు?"

ఉత్తరం వైపు సన్నగా చప్పుడు మొదలైంది. జైతున్ బీ బట్టలు చంకన పెట్టుకుంది.

"కుట్టేది ఉన్నదన్నా."

ఆయనకు మండింది. వారం రోజుల కోపం ఒక్కసారిగా బయటికొచ్చింది.

"పో తియ్యి! నీ కండ్లు నా బిడ్డకు తగలకుంటే అంతే చాలు!"

అందరూ విన్నారు. ఒక్కరూ తప్పనలేదు. జైతున్ బీ మెట్ల మీద ఒక్క క్షణం ఆగింది. పైకి చూడకుండానే దిగిపోయింది.

విమానం ఆ రోజు రెండుసార్లు కాదు, ఐదుసార్లు రెక్క వంచింది. డాబా దద్దరిల్లింది. దేవానందం తువ్వాలు గాలికి వదిలేసి ఏడ్చేశాడు. కింద మూసిన తలుపు వెనక జైతున్ బీ, ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా మిషను తొక్కలేదు.

ఆరు గంటలకు ఆమెకు కొడుకు ముజీబ్ ఫోన్ చేశాడు.

"అమ్మీ, వారం సంది నీకోసమే రెక్క వంచుతున్న, పక్క డాబా మీద అంతమంది చేతులూపుతుంటే మన డాబా మీద మొదటి రోజు తప్ప నువ్వొక్కదానివి కనపడవేందీ?"