రాగ్నత్త కోరిక

ఒకే చర్చిలో ఒకరు మంచు కురవాలని, ఇంకొకరు కరగాలని ప్రార్థిస్తే దేవుడు ఎవరి మాట వింటాడు? ఐవింద్‌కు ఏళ్ల తరబడి ఉన్న సందేహమిది.

అతను నెలంతా యంత్రంతో మంచు తొక్కించి వేసిన స్కీ బాట, రేపు పోటీ అనగా, ఆగని వానకు కరిగి పక్కనున్న రాగ్నత్త పొలంలో పారుతోంది. నార్వే కొండల్లో, ఫిబ్రవరిలో వాన.

"పోటీ లేనట్టేనా?" కొట్టం గుమ్మంలోంచి అడిగింది ముసలామె.

"నా కష్టమంతా కాలవపాలు. నీ గొర్రెలు తొందరగా మేతకెళ్లాలని వాన కోరుకున్నది నువ్వేగా అత్తా?"

"వాన నాకెందుకురా, బురదలో జారి పడడానికా? నీకు ఒక్కరోజు తీరిక ఇమ్మన్నాను, అంతే."

"నా తీరికతో నీకేం పని?"

ఆమె కంచె వైపు చూసింది. ఎప్పుడో అతని యంత్రం విరగ్గొట్టిన గుంజ అక్కడే పడి ఉంది.

"వేసవిలో అడిగితే చేపల వేటన్నావు. చలికాలంలో అడిగితే నేల రాయిలా ఉంది, గుంజ దిగదన్నావు."

ఐవింద్ బూటు మడమతో నేలను నొక్కాడు. మెత్తగా దిగింది.

"సుత్తి ఎక్కడుందత్తా?" అన్నాడు.

చీకటి పడేలోగా, ఆ వానలోనే, కొత్త గుంజ నిటారుగా నిలబడింది.