నిచ్చెన

పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుండగానే వంటింటి గోడ మీది తెరలో కోర్టు మొదలైంది. మనుషుల్లేని సరుకు ఓడలను విశాఖలోని ఇంట్లోంచే నడిపే నూకరత్నం, కొంగుతో చేతులు తుడుచుకుని బోనులో నిలబడ్డట్టే నిలబడింది. పోయిన వర్షాకాలంలో, మునిగిపోతున్నట్టు నటించి ఎక్కిన సముద్రపు దొంగలు ఆమె ఓడను ఎత్తుకుపోయి రాళ్లకు కొట్టి ముంచేశారు.

"నిచ్చెన దించొద్దని ఓడే మిమ్మల్ని హెచ్చరించింది. ఎందుకు దించారు?" అన్నాడు బీమా లాయరు.

మీట పొరపాటున తగిలిందనమని ఓడ కంపెనీ లాయరు పొద్దున్నే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. పొరపాటైతే బీమా వస్తుంది. కావాలని దించితే కంపెనీకి బీమా సొమ్మూ పోతుంది, ఆమెకు ఉద్యోగమూ పోతుంది.

ఆమె నోరు తెరిచేలోపే, ఇవాళ నడుపుతున్న ఓడ పొయ్యి పక్కనున్న స్పీకరు డబ్బాలోంచి పిలిచింది. "అమ్మా, ఇక్కడ పడవ బోల్తా పడింది. నీళ్లలో ఒకడు చెయ్యెత్తాడు. దొంగ కావచ్చు. ఏం చేయమంటారు?"

గోడ మీద కంపెనీ లాయరు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

నూకరత్నం జడ్జి వైపు చూసింది. "బాబూ, నీట్లో సెయ్యెత్తినోడు దొంగో దొరో మా జాలరోళ్లం అడగం. ఆ రోజూ అడగనేదు."

పొయ్యి కట్టేసి, డబ్బా వైపు తిరిగింది.

"నిచ్చెన దింపవే."